స్వస్థత నిచ్చే చోటు ఎవరికీ కీడు కాకూడదు

'మన ఊళ్ళోనే ఒక మంచి దవాఖానా ఉంటే ఎంత బాగుండేది!' జ్వరంతో కాలిపోతున్న బిడ్డను భుజాన వేసుకొని బస్సు కోసం ఎదురుచూసే ప్రతి తల్లీ అనే మాట ఇది. మఠంపల్లి మండలంలోని పల్లెలవారికి ఈ బాధ కొత్త కాదు. కాస్త పెద్ద జబ్బు చేస్తే హుజూర్‌నగర్ వెళ్ళాలి. అక్కడ కాదంటే కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేట. అదీ కాదంటే హైదరాబాదు. దారిలోనే కన్నుమూసినవారిని తలచుకొని కన్నీరు పెట్టని కుటుంబాలు మన పల్లెల్లో అరుదు.

అందుకే ఆసుపత్రి కట్టడం గొప్ప పుణ్యకార్యం. ఒక్క ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవాళిని కాపాడినట్లేనని దివ్య ఖుర్‌ఆన్ బోధిస్తోంది (అల్ మాయిద: 32). మనిషి మరణించిన తరువాత కూడా పుణ్యఫలం అందుతూ ఉండే సదఖా జారియాలో ఇలాంటి సేవలు ముందు వరుసలో ఉంటాయి. ఇందులో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు.

కాని ఇక్కడే మనం సాధారణంగా పట్టించుకోని ఒక ప్రశ్న ఉంది. పని మంచిదైతే చాలా? ఆ పని ఏ చోట చేస్తున్నామన్నది కూడా దైవం ముందు జవాబు చెప్పుకోవలసిన విషయమేనా? ఆసుపత్రి కోసం చెరువు శిఖం పూడ్చితే, ఊరి చెట్లు నరికితే, దాని మురుగును దిగువ ఊరి బావిలోకి వదిలితే, 'ఇదంతా రోగుల సేవకే కదా' అన్న ఒక్క మాటతో ఆ కీడు మాసిపోతుందా?

మాసిపోదన్నదే మా అభిప్రాయం. ఎందుకో వివరంగా చూద్దాం.

చింతచెట్టు చెప్పిన పాఠం

దూరం పోనక్కరలేదు. మన రాష్ట్ర రాజధానిలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగింది. సుమారు 15 వేలమంది ప్రాణాలు కోల్పోయారని అంచనా. నది ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆ వరదకు నిలవలేకపోయింది. అయితే అక్కడి ఆవరణలోని ఒక చింతచెట్టు నిలిచింది. ఆ చెట్టెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని హైదరాబాదీలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆలోచించండి! ప్రాణాలు నిలపడానికి కట్టిన భవనం తనను తాను నిలుపుకోలేకపోయింది. ఎవరూ లెక్కలోకి తీసుకోని చెట్టు ప్రాణాలు నిలిపింది.

ఆ తరువాత నగర పాలకులు ఊరకే కూర్చోలేదు. ప్రసిద్ధ ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా అడిగారు. ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. అదే మూసీ ఒడ్డున విన్సెంట్ ఎష్ రూపకల్పనలో ఉస్మానియా ఆసుపత్రి భవనం 1925లో సిద్ధమయింది. పేదలు నడిచి రాగలిగే చోటది. నూరేళ్ళుగా అక్కడ ఎన్ని లక్షలమంది స్వస్థత పొందారో అల్లాహ్‌కే తెలుసు. కాబట్టి ఆ చోటు ఎంచుకున్నవారు తప్పు చేశారని తేలికగా తీర్పు చెప్పలేం. ముందు ముప్పును తగ్గించే ఏర్పాటు చేసి, ప్రజలకు దగ్గరగా ఆసుపత్రిని ఉంచారు.

కాని కాలం మారింది. నగరం పెరిగింది, కాలువలు ఇరుకైపోయాయి. 2020 జూలైలో వానకు మురుగునీరు పాత భవనంలోని వార్డుల్లోకి చేరింది. మంచాల మీద రోగులు, మంచాల కింద మురుగునీరు. ఆ దృశ్యాన్ని రాష్ట్రమంతా చూసింది. చివరికి గోషామహల్‌లోని పోలీసు మైదానంలో, సుమారు 26 ఎకరాల స్థలంలో, రెండు వేల పడకల కొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. అప్పుడు అక్కడివారు అడిగిన ప్రశ్నలు కూడా కొట్టివేయదగ్గవి కావు. ఇరుకు బస్తీల మధ్య మిగిలిన ఖాళీ మైదానం పోతే పిల్లలు ఎక్కడ ఆడుకోవాలి? ఇంత రద్దీని ఈ వీధులు మోయగలవా? ఆసుపత్రి వ్యర్థాలు ఎటు పోతాయి?

గమనించారా? ఒకవైపు రోగుల హక్కు, మరోవైపు ఇరుగుపొరుగు హక్కు. రెండూ నిజమైన హక్కులే. ఇలాంటి చోట తూకం ఎలా వేయాలన్నదే అసలు విషయం.

హజ్రత్ ఉమర్ (రజి) చూపిన దారి

చోటు ఎంపిక గురించి ఇస్లామ్ చరిత్రలో మనకు వెలుగునిచ్చే సంఘటనలు చాలానే ఉన్నాయి. మదాయిన్ జయించిన తరువాత ముస్లిమ్ సైనికులు కొందరు మదీనా వచ్చారు. వారి ఒంటి రంగు మారి, వాడిపోయి ఉండటం హజ్రత్ ఉమర్ (రజి) గమనించారు. కారణం అడిగితే ఆ నేల వాతావరణం తమకు పడటం లేదన్నారు. అనువైన చోటు వెదకమని ఆయన ఆదేశించారు. అందుకు సల్మాన్ (రజి), హుజైఫా (రజి)లను పంపడం జరిగింది. వారు తిరిగి తిరిగి ఎంచిన నేల మీదనే హిజ్రీ 17లో కూఫా నగరం వెలసింది. పాలకుడు ప్రజల ముఖాలు చూసి నేల గుణాన్ని పసిగట్టాడు. చోటు చూడటానికి గొప్ప సహచరులే స్వయంగా వెళ్ళారు. ఇది చిన్న విషయమా?

అమ్వాస్‌లో ప్లేగు వ్యాపించినప్పుడు సర్గ్ అనేచోట జరిగిన సంభాషణ మరీ ప్రసిద్ధమైనది. రోగం ఉన్న నేలకు వెళ్ళకుండా హజ్రత్ ఉమర్ (రజి) వెనుదిరిగితే, దైవ విధి నుండి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (రజి) అడిగారు. దైవ విధి నుండి మరో దైవ విధి వైపుకే పోతున్నామని ఆయన జవాబిచ్చారు. పచ్చని వాలు ఒకటి, బీడు వాలు ఒకటి ఉన్న లోయలో ఒంటెల కాపరి ఏ వైపు మేపినా అది దైవ విధి ప్రకారమే కదా అని ఉదాహరణ కూడా చెప్పారు (బుఖారీ). పల్లపు నేలలో ఉన్న సైన్యాన్ని ఎత్తైన, గాలి బాగున్న చోటికి మార్చమని ఆ తరువాత లేఖ రాశారు.

'అంతా అల్లాహ్ దయ, ఎక్కడ కడితే ఏముంది' అనేవారికి ఇది జవాబు. మంచి చోటు వెదకడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. వెదకగలిగి కూడా వెదకకపోవడమే బాధ్యతారాహిత్యం.

మాంసం ముక్కలు - గాలి పరీక్ష

మహా వైద్యుడు జకరియ్యా రాజీ గురించి ఒక కథనం ఉంది. బాగ్దాదులో ఆసుపత్రికి చోటు చూడమని ఆయనను కోరితే నగరంలోని వేర్వేరు చోట్ల మాంసం ముక్కలు వేలాడదీయించారట. ఏ చోట ముక్క అన్నిటికన్నా ఆలస్యంగా కుళ్ళిందో ఆ చోటే ఆసుపత్రికి తగినదని చెప్పారట. 13వ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్ను అబీ ఉసైబియా దీన్ని నమోదు చేశారు. బాగ్దాదులోని అజుదీ ఆసుపత్రి 982 ప్రాంతంలో ప్రారంభమయింది. రాజీ అప్పటికి అర్థ శతాబ్దం కిందటే మరణించారు. కాబట్టి ఈ కథ ఆ ఆసుపత్రిది కాజాలదు. అయినా ఆ కాలపు వైద్యులు చోటును ఎలా చూసేవారో ఇది చెబుతుంది. భూమి ధర ఎంత, రోడ్డు ఎంత దగ్గర అన్నది కాదు, రోగి పీల్చే గాలి ఎలాంటిది అన్నది వారి మొదటి ప్రశ్న.

మరో ఉదాహరణ మనల్ని కాస్త ఇబ్బంది పెడుతుంది. 1284 ప్రాంతంలో ఖాహిరాలో సుల్తాన్ ఖలావూన్ మన్సూరీ ఆసుపత్రి కట్టించాడు. ధనికుడు, పేద, స్త్రీ, పురుషుడు అన్న భేదం లేకుండా అందరికీ ఉచిత వైద్యం. దానికి పెద్ద వఖ్ఫ్ ఆస్తులు. చరిత్రలోని గొప్ప ఆసుపత్రులలో అదొకటి. కాని దాన్ని కట్టిన తీరు గురించి చరిత్రకారుడు మఖ్రీజీ దాచకుండా రాశారు. అక్కడి రాజభవనం నుండి వారసురాలిని వేరేచోటికి పంపారు, పనివారిని బలవంతాన లాక్కొచ్చారు, దారిన పోయేవారి చేత కూడా రాళ్ళు మోయించారు. అందుకని దైవభీతిపరులు కొందరు ఆ ప్రాంగణంలో నమాజు చేయడానికి సంకోచించారు.

ఎంత గొప్ప ఆసుపత్రి! అయినా ధర్మాత్ములు దాని పునాదుల కింద ఏముందో చూశారు. దీనికి భిన్నంగా మహాప్రవక్త (సఅసం) ఆచరణ చూడండి. మదీనాలో మస్జిద్ కోసం ఎంచిన స్థలం ఇద్దరు అనాథ బాలురది. ఉచితంగా ఇస్తామని వారన్నా ఆయన ఒప్పుకోలేదు, ధర చెల్లించే తీసుకున్నారు (బుఖారీ). దైవగృహానికే ఆ నియమమైతే దవాఖానాకు వేరే నియమం ఉంటుందా?

హాని తూకం ఎలా వేయాలి?

ఎవరికీ హాని చేయకూడదని, హానికి బదులు హాని కూడా చేయకూడదని ప్రవక్త (సఅసం) బోధించారు (ఇబ్ను మాజా). ఈ బోధన ఆధారంగా ఫుఖహా కొన్ని సూత్రాలు రూపొందించారు. ఒక హానిని అలాంటి మరో హానితో తొలగించరాదు. రెండు కీడులు తప్పనప్పుడు తేలికైనదాన్ని ఎంచుకోవాలి. అందరికీ కలిగే నష్టాన్ని ఆపడానికి కొద్దిమంది నష్టాన్ని సహించవలసి రావచ్చు. అయితే ఆ కొద్దిమందికి పరిహారం అందాలి.

ఈ సూత్రాలను ఆసుపత్రికి అన్వయిస్తే నాలుగు ప్రశ్నలు ముందుకొస్తాయి. మేలు ఎవరికి, కీడు ఎవరికి? ఆ కీడు సరిదిద్దగలిగేదా, శాశ్వతమా? కీడు లేని మరో చోటు నిజంగా లేదా? కీడు భరించేవారిని ఎవరైనా అడిగారా?

రెండవ ప్రశ్న చాలా ముఖ్యం. పదిమంది రైతులు భూమి అమ్మవలసి వస్తే న్యాయమైన ధరతో, మరో భూమితో వారి నష్టం కొంతైనా తీర్చవచ్చు. కాని గొలుసుకట్టు చెరువులలో ఒకదాన్ని పూడ్చితే ఎగువ ఊరికి ముంపు, దిగువ ఊరికి కరువు. దాన్ని తిరిగి తవ్వి ఇచ్చేవారెవరు? భూగర్భజలం ఒకసారి చెడితే మన జీవితకాలంలో బాగుపడుతుందన్న నమ్మకం లేదు. ఫ్లోరైడు నీటితో తరతరాలుగా వంగిపోయిన నడుములను చూసిన ఉమ్మడి నల్లగొండ జిల్లావాసులకు ఈ మాట ఒకరు చెప్పాలా? అందుకే సరిదిద్దలేని కీడు తూకంలో ఎప్పుడూ బరువైనది.

దివ్య ఖుర్‌ఆన్ ఆకాశాన్ని ఎత్తుగా నిలిపిన విషయం చెప్పిన వెంటనే త్రాసు గురించి ప్రస్తావించి, తూకంలో హద్దు మీరవద్దని హెచ్చరించింది (అర్ రహ్మాన్: 7-9). ఈ త్రాసు కిరాణా కొట్టులోనిది మాత్రమే కాదని మనం గ్రహించాలి.

మఠంపల్లిలో చోటు వెదికితే...

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం. మఠంపల్లి మండలంలో రేపు ఒక ఆసుపత్రి కట్టాలనుకుందాం. ఏమేమి చూడాలి?

మొదటిది నీటి మట్టం. మండలానికి దక్షిణాన కృష్ణానది. దిగువన 45.77 టీఎంసీల సామర్థ్యంతో కట్టిన పులిచింతల జలాశయం. దాని వెనుక జలాలు మట్టపల్లి వైపు ఒత్తుకు వస్తాయి. వేసవిలో పొడిగా కనిపించే పల్లపు భూమిని చూసి మోసపోకూడదు. 2015 డిసెంబరులో చెన్నై వరదలప్పుడు నది పక్కనున్న ఒక ఆసుపత్రిలోకి నీరు చేరి, కరెంటు పోయి, ఐసీయూలోని రోగులు మరణించారన్న వార్త దేశాన్ని కలచివేసింది. వరదలో జనమంతా పరుగెత్తుతారు. వెంటిలేటర్ మీద ఉన్నవాడు ఎక్కడికి పరుగెత్తగలడు?

రెండవది గాలి, చప్పుడు. ఇక్కడి భూమిలో సున్నపురాయి ఉంది, అందువల్ల సిమెంటు కర్మాగారాలు వచ్చాయి. వాటివల్ల ఎందరికో ఉపాధి దొరికింది, కాదనలేం. కాని ఉబ్బసం రోగికి మందిచ్చే చోటు దుమ్ము వీచే దిశలో ఉంటే మందుకు విలువేముంది? ఏడాదిలో గాలి ఎటునుండి ఎటు వీస్తుందో, క్వారీ పేలుళ్ళు ఎంత దూరం వినిపిస్తాయో, లారీలు ఏ దారిన పోతాయో ముందే చూడాలి. రాజీ మాంసం ముక్కలు వేలాడదీసిన పని నేడు యంత్రాలు చేస్తాయి. చేయించాలన్న పట్టింపు మనకుండాలి.

మూడవది ఆసుపత్రి నుండి బయటకు వెళ్ళేది. ఆసుపత్రి వ్యర్థాలలో సుమారు 85 శాతం మామూలు చెత్తేనని, మిగిలిన 15 శాతం ప్రమాదకరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ కొద్దిభాగాన్ని 2016 నిబంధనల ప్రకారం పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగులుగా వేరుచేయాలి. శుద్ధి చేయకుండా 48 గంటలకు మించి ఉంచరాదు. వాటిని తీసుకువెళ్ళే బండి ఆ ఊరికి రోజూ రాగలదా అన్నది చోటు ఎంచేటప్పుడే అడగవలసిన ప్రశ్న. రాలేదంటే అవి ఊరి చివర గుంటలో కాలుతాయి. ఆ పొగ పీల్చేది ఎవరు? గుంట పక్కన గుడిసె వేసుకున్న పేదవాడు.

నీరు ఇంకా సూక్ష్మమైన విషయం. 2007లో పటాన్‌చెరు వద్ద మందుల పరిశ్రమల మురుగు శుద్ధి కేంద్రం నుండి వెలువడే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్లు పరిశోధకులు కనుగొన్నారు. అది పరిశ్రమల నీరు. ఆసుపత్రి మురుగులో మందులు అంత మోతాదులో ఉండవు. కాని అందులో మందులతోపాటు మందుకు లొంగని క్రిములు కూడా ఉంటాయి. శుద్ధి లేకుండా వదిలితే నేటి రోగిని బాగుచేసిన మందే రేపటి రోగికి పనిచేయకుండా పోతుంది.

మూసీ హైదరాబాదు మురుగును మోసుకుంటూ సూర్యాపేట పక్కగా వచ్చి వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. ఆ నీరే మట్టపల్లి ముందునుండి దిగువకు పోతుంది. ఎగువవారు వదిలినది మనం తాగుతున్నాం. మనం వదిలేది దిగువవారు తాగుతారు. ఓడ కింది అంతస్తులో ఉన్నవారు నీటికోసం తమ భాగంలోనే రంధ్రం చేసుకుంటామంటే, పైవారు ఆపకపోతే అందరూ మునుగుతారని ప్రవక్త (సఅసం) చెప్పిన ఉపమానం (బుఖారీ) ఈ నదికి ఎంత చక్కగా సరిపోతుందో చూడండి! 'మా భూమి, మా కాలువ' అనేవాడు ఆ రంధ్రం చేసేవాడే.

బావి తవ్వినవారికి దాని చుట్టూ నలభై మూరల నేల హక్కుగా ఉంటుందని హదీసులో ఉంది (ఇబ్ను మాజా). దీన్ని ఫుఖహా 'హరీమ్' అన్నారు. బావులకు, నదులకు ఇలా కొంత హద్దు విడిచిపెట్టి, దాన్ని ఆక్రమించరాదన్నారు. నేడు అధికారులు చెరువుల చుట్టూ బఫర్ జోన్ అంటున్నది ఇలాంటిదే. అది ప్రభుత్వం కొత్తగా మోపిన భారమని సణిగే ముస్లిమ్ సోదరులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఆలస్యం కూడా హానే

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ ఉంది. 'మీరిలా గాలి, నీరు, చెట్టు అంటూ కూర్చుంటే ఏళ్ళు గడుస్తాయి. ఈలోపు చనిపోయేవారి మాటేమిటి? అన్ని విధాలా దోషం లేని చోటు భూమి మీద ఉందా?'

నిజమే, లేదు. ఆసుపత్రి కట్టకపోవడం కూడా ఒక కీడే. ఎవరికీ అభ్యంతరం లేని చోటు కావాలని ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరాన కడితే, నొప్పులు పడుతున్న గర్భిణికి, ఆటోకు డబ్బులేని కూలీకి అది ఉన్నా లేనట్లే. పర్యావరణం పేరు చెప్పి 'మా వీధిలో వద్దు' అనేవారిలో అందరి ఉద్దేశ్యమూ మంచిది కాదు. రోగులు, పేదలు తమ వాకిట తిరగడం ఇష్టంలేక అనేవారూ ఉంటారు. సంకల్పాన్ని బట్టే ఆచరణల విలువ అన్న నియమం వారికీ వర్తిస్తుంది.

అందుకే మేము చెప్పేది పని ఆపమని కాదు, పరిశీలనను పనిలో మొదటి మెట్టుగా చేయమని. నేల, నీరు, గాలి పరిశీలించడానికి పట్టే కొన్ని నెలలు వృథా కావు. అవి ఆ తరువాతి నూరేళ్ళకు వేసే పునాది. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ 20 వేల చదరపు మీటర్లు, అంతకు మించిన భారీ నిర్మాణాలకు ముందస్తు అనుమతిని నియమంగా పెట్టింది. ముప్పై పడకల చిన్న ఆసుపత్రి ఆ లెక్కలోకి రాకపోవచ్చు. కాని తఖ్వాకు చదరపు మీటర్ల కొలత ఉందా? చట్టం అడగని ప్రశ్నను కూడా తనను తాను అడుక్కునేవాడే విశ్వాసి.

దాతలకు, మనకు ఒక మాట

ఆసుపత్రికి స్థలం దానమిచ్చే సోదరులు మన సముదాయంలో ఉన్నారు. అల్లాహ్ వారి దానాన్ని స్వీకరించుగాక! కాని ఒక సంగతి. మనకెవరైనా ఇస్తే కళ్ళు మూసుకొని తప్ప తీసుకోలేని నాసిరకం వస్తువును దైవమార్గంలో ఇవ్వవద్దని దివ్య ఖుర్‌ఆన్ వారించింది (అల్ బఖర: 267). ఇల్లు కట్టుకోవడానికి పనికిరాదని వదిలేసిన ముంపు భూమిని, వివాదంలో ఉన్న శిఖం భూమిని 'దవాఖానాకు ఇచ్చేద్దాం, పేరూ వస్తుంది' అనుకోవడం ఆ హెచ్చరిక కిందికే రాదా? జానెడు నేలను అన్యాయంగా కాజేసినా ప్రళయదినాన ఏడు భూముల బరువు మెడకు చుట్టుకుంటుందన్న హదీసు (బుఖారీ) కూడా మరువరాదు. ఉచితంగా వచ్చిందని ప్రతి స్థలమూ తీసుకోవలసిన పని లేదు. మర్యాదగా వద్దనడం కూడా అమానత్‌ను కాపాడటమే.

మన వంతు కూడా ఉంది. ఆసుపత్రి చుట్టూ నూరు మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలును 2000 నాటి శబ్ద నియంత్రణ నిబంధనలు కల్పించాయి. మన మస్జిద్ పక్కనే ఆసుపత్రి వస్తే లౌడ్‌స్పీకర్ శబ్దం తగ్గించుకోవడానికి, పెళ్ళి ఊరేగింపులో టపాసులు మానుకోవడానికి మనం సిద్ధమేనా? ఇతరుల కర్మాగారాన్ని, ఇతరుల మురుగును ప్రశ్నించేవారు ముందు తమ ఇంటి ముందు కాలువను చూసుకోవాలి. దారిలో, నీడలో, నీటి రేవుల్లో మలినం చేసేవారు శాపానికి గురవుతారని ప్రవక్త (సఅసం) హెచ్చరించినది (అబూదావూద్) మనల్నే కదా.

అఫ్జల్‌గంజ్‌లోని ఆ చింతచెట్టును ఎవరు నాటారో మనకు తెలియదు. వారు ఆసుపత్రి కట్టలేదు, శిలాఫలకం వేయించలేదు. అయినా 150 ప్రాణాలు ఆ చెట్టు కొమ్మలను పట్టుకొని నిలిచాయి. విశ్వాసి నాటిన మొక్క వల్ల మనిషికి, పశువుకు, పక్షికి కలిగే ప్రతి మేలూ అతనికి సదఖాగా నమోదవుతుందన్న శుభవార్త (ముస్లిమ్) మనందరికీ తెలిసినదే. రేపు మన ఊళ్ళో ఆసుపత్రి కట్టే రోజున ఆ స్థలంలో ఉన్న చెట్టును చూసి 'ఇది అడ్డం' అనకముందు, పటం కాస్త జరిపి గీయవచ్చేమో అడుగుదాం.

మేలు చేయాలన్న కోరికతోపాటు ఆ మేలును ఎవరి కన్నీటి మీదా కట్టకుండా ఉండే వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! రోగులందరికీ స్వస్థత చేకూర్చుగాక! ఆమీన్.